అడవి అంచున ఒక శస్త్రవైద్యుడు
(డాక్టర్ ఎఫ్రాయిమ్ మెక్‌డవెల్ జీవితం)

చరిత్ర గ్రంథాలలో రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు, కోటల కొలతలు విస్తారంగా కనిపిస్తాయి. మానవుని బాధను తగ్గించిన వారి పేర్లు మాత్రం ఎక్కడో ఒక మూలన, చిన్న అక్షరాలలో ఉంటాయి. వారిలోనూ మహానగరాలలోని విద్యాపీఠాలకు చెందినవారే ఎక్కువ. పెద్ద ఆసుపత్రి గాని, పట్టా గాని, సాటి వైద్యుల అండ గాని లేకుండా, అడవి అంచున ఒక చిన్న ఊరిలో ఉండి వైద్యశాస్త్ర గమనాన్నే మలుపు తిప్పిన వ్యక్తి డాక్టర్ ఎఫ్రాయిమ్ మెక్‌డవెల్. స్త్రీ అండాశయంలో పెరిగిన కణితిని ఉదరం తెరిచి తొలగించి, రోగిని బ్రతికించిన తొలి వైద్యునిగా ఆయన ప్రసిద్ధుడు. ఖమ్మం నుండి గోదావరి దాటి భద్రాచలం దాకా, అక్కడి నుండి చర్ల, వెంకటాపురం అడవుల దాకా విస్తరించిన ఈ ప్రాంతపు విద్యార్థినీ విద్యార్థులకు ఆయన జీవితం చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. అందుకే ఈ వ్యాసం.

మెక్‌డవెల్ 1771 నవంబరు 11న అమెరికాలోని వర్జీనియా ప్రాంతంలో, రాక్‌బ్రిడ్జ్ అనే జిల్లాలో జన్మించారు. తండ్రి సామ్యూల్ మెక్‌డవెల్ న్యాయాధికారి. 1784లో, బాలునికి పదమూడవ ఏడు నడుస్తుండగా, ఆ కుటుంబం కొండలు దాటి కెంటకీ ప్రాంతంలోని డాన్‌విల్ అనే ఊరికి తరలిపోయింది. కెంటకీ అప్పటికి ఇంకా రాష్ట్రం కాలేదు. దట్టమైన అడవులు, వాటి మధ్య కొట్టి చదును చేసిన పొలాలు, దుంగలతో కట్టిన ఇళ్ళు, గుర్రం వెళ్ళగల దారులు, ఇదే ఆనాటి కెంటకీ. 1792లో అది రాష్ట్రంగా అవతరించడానికి ముందు డాన్‌విల్‌లో జరిగిన సమావేశాలకు అధ్యక్షత వహించినది ఈ సామ్యూల్ మెక్‌డవెల్ గారే.

వైద్యవిద్య నేర్వగోరిన ఎఫ్రాయిమ్‌ను తండ్రి తిరిగి వర్జీనియాకు పంపారు. అక్కడ స్టాంటన్ పట్టణంలో డాక్టర్ అలెగ్జాండర్ హంఫ్రీస్ వద్ద ఆయన శిష్యరికం చేశారు. గురువు వెంట తిరిగి, మందులు నూరి, గాయాలు కట్టి నేర్చుకోవడమే అప్పటి పద్ధతి. అటుపిమ్మట 1793లో స్కాట్లండు దేశంలోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ ఆయనపై గాఢమైన ముద్ర వేసినవారు జాన్ బెల్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు, శస్త్రవైద్యుడు. పట్టా పుచ్చుకోకుండానే, నేర్చిన విద్యతో 1795లో మెక్‌డవెల్ డాన్‌విల్ చేరుకున్నారు. అనతికాలంలోనే ఆ చుట్టుపక్కల వందల మైళ్ళలో పేరున్న శస్త్రవైద్యులయ్యారు. 1802లో కెంటకీ తొలి గవర్నరు ఐజాక్ షెల్బీ కుమార్తె సారాను వివాహమాడారు. మూత్రాశయంలోని రాళ్ళను తీయడంలో ఆయన సిద్ధహస్తుడు. 1812లో ఆ బాధతో వచ్చిన ఒక పదిహేడేళ్ళ యువకునికి ఆయన చికిత్స చేశారు. జేమ్స్ పోక్ అనే ఆ యువకుడు 1845లో అమెరికా అధ్యక్షుడయ్యాడు.

మెక్‌డవెల్ చేసిన మహత్కార్యపు విలువ తెలియాలంటే అంతకు ముందు పరిస్థితి ఎట్లుండేదో కొంత తెలుసుకోవాలి. ఉదరం వైద్యునికి మూసిన పెట్టె. లోపల ఏమున్నదో చేతితో తడిమి ఊహించవలసిందే గాని, తెరిచి చూసే సాహసం లేదు. తెరిస్తే చావు తప్పదని వైద్యులందరి విశ్వాసం. లోపలి రహస్యం బయటపడినా అది యాదృచ్ఛికంగానే బయటపడేది.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఇస్లామీయ వైద్య చరిత్రలో ఉన్నది. అండలూసియా దేశంలో, కార్డోబా నగరం దాపున ఉన్న మదీనతుజ్జహ్రాలో నివసించి 1013 ప్రాంతంలో మరణించిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ, ముప్పై భాగాల కితాబ్ అల్ తస్రీఫ్ రచించారు. అందులో చివరిదైన శస్త్రచికిత్సా భాగంలో ఆయన తాను స్వయంగా చూసిన ఒక స్త్రీ ఉదంతం రాశారు. ఆమె కడుపులో పిండం మరణించింది. ఆ తరువాత మళ్ళీ గర్భం వచ్చి అదీ మరణించింది. చాలాకాలానికి నాభి వద్ద వాపు లేచి, పగిలి, చీము కారసాగింది. అల్ జహ్రావీ మందు వేస్తూ వచ్చారు, పుండు మానలేదు. ఒకనాడు అందులో నుండి ఒక ఎముక బయటపడింది. కొన్నాళ్ళకు మరొకటి వచ్చింది. కడుపులో ఎముకలు ఉండవు గదా అని ఆయన ఆశ్చర్యపోయి, ఆలోచించి, అవి మరణించిన పిండపు ఎముకలని గ్రహించారు. గర్భాశయం వెలుపల పెరిగిన గర్భాన్ని గురించిన తొలి వర్ణనలలో ఇది ఒకటిగా వైద్య చరిత్రకారులు లెక్కిస్తారు. తాను వెదకనిది కనిపించినప్పుడు దానిని దాచకుండా, అతిశయోక్తి లేకుండా రాసిపెట్టడమే ఆ మహనీయుని గొప్పతనం.

ఇట్టి ఉదంతాలు ఉన్నా, ఎనిమిది శతాబ్దాల పాటు ఉదరం మూసిన పెట్టెగానే ఉండిపోయింది. అండాశయంలో కణితి పెరిగిన స్త్రీకి వైద్యులు చేయగలిగింది అప్పుడప్పుడు సూదితో నీరు తీయడమే. అది మళ్ళీ నిండేది. ఆమె క్రమంగా క్షీణించి మరణించేది.

1809 డిసెంబరులో మెక్‌డవెల్‌కు కబురు వచ్చింది. డాన్‌విల్‌కు సుమారు అరవై మైళ్ళ దూరంలో, గ్రీన్ కౌంటీలో నివసించే జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే గృహిణికి కడుపు విపరీతంగా పెరిగింది. నలభై అయిదేళ్ళు దాటిన ఆమె అప్పటికే పిల్లల తల్లి. స్థానిక వైద్యులు నెలలు దాటిన గర్భమని, బహుశః కవలలని అనుకున్నారు. కాన్పునొప్పుల వంటి నొప్పులు వస్తున్నవి గాని కాన్పు మాత్రం కావడం లేదు. మెక్‌డవెల్ గుర్రమెక్కి వెళ్ళి పరీక్షించారు. గర్భాశయంలో ఏమీ లేదు. కడుపులో ఉన్నది బిడ్డ కాదు, అండాశయంలో పెరిగిన పెద్ద కణితి. బిడ్డల కోసం ఎదురుచూస్తున్న ఇంటిలో ఆ మాట చెప్పవలసి రావడం ఏ వైద్యునికైనా కష్టమే.

అక్కడ ఆయన నడచిన తీరు మనం ముఖ్యంగా గమనించవలసినది. ఆమెకు ఉన్న ప్రమాదాన్ని ఆమెకే వివరించారు. ఇట్టి కణితిని తీసి రోగిని బ్రతికించినవారు తన ఎరుకలో లేరని, తాను చేయబోయేది ఒక ప్రయోగమని దాచకుండా తెలిపారు. ఆమె సిద్ధపడి డాన్‌విల్ రాగలిగితే ప్రయత్నిస్తానన్నారు. నిర్ణయాన్ని భర్తకు గాని, బంధువులకు గాని, తనకు గాని కాక ఆమెకే వదిలిపెట్టారు. జేన్ క్రాఫర్డ్ ఒప్పుకున్నది. ఆ చలికాలంలో, అడవి దారిలో, కణితి బరువును జీను కొమ్ముకు ఆనించుకుని, గుర్రం మీద అరవై మైళ్ళు ప్రయాణం చేసింది. దాదాపు ఖమ్మం నుండి భద్రాచలం వెళ్ళేటంత దూరం. ఆ రాపిడికి ఆమె పొట్టపై చర్మం కమిలిపోయింది.

శస్త్రచికిత్స మెక్‌డవెల్ ఇంటిలోనే జరిగింది. అది క్రిస్మస్ పండుగ రోజని సంప్రదాయం. వైద్యుడైన బంధువు జేమ్స్ మెక్‌డవెల్ సహాయంగా నిలిచారు. మత్తుమందు అప్పటికి లేదు. క్రిములను గురించిన జ్ఞానమూ లేదు. ఉదరానికి ఎడమ వైపున తొమ్మిది అంగుళాల పొడవున కోత పెట్టారు. కణితి కనిపించింది గాని అంత పెద్దదానిని ఆ కోతలో నుండి ఉన్నదున్నట్లుగా బయటకు తీయడం అసాధ్యం. మొదట గర్భాశయం వద్ద దాని మొదలును బలమైన దారంతో బిగించి కట్టి, ఆపైన కణితిని కోసి, లోపలి జిగురు పదార్థాన్ని తీసివేసి, తిత్తిని కోసి బయటకు తెచ్చారు. ప్రేగులు బల్లమీదికి జారిపోయినవి. శస్త్రచికిత్స పూర్తయ్యేదాకా వాటిని లోపలికి పెట్టడం సాధ్యం కాలేదు. మొత్తం ఇరవై అయిదు నిమిషాలలో పని ముగిసింది. తీసిన కణితి బరువు ఇరవై రెండున్నర పౌన్లు, అనగా పది కిలోలకు పైమాటే.

ఆ ఇరవై అయిదు నిమిషాలూ ఆమె మేలుకొనే ఉన్నది. నొప్పిని ఓర్చుకోవడానికి దావీదు కీర్తనలను, అంటే మన పెద్దలు జబూర్ అని పిలిచే గ్రంథంలోని స్తోత్రాలను పఠిస్తూ ఉన్నదని చెబుతారు. ఇంటి బయట జనం ఉరితాడు పట్టుకుని, ఆమె మరణిస్తే వైద్యుని ఉరితీయడానికి సిద్ధంగా నిలబడ్డారని ఒక కథ కూడా ప్రచారంలో ఉన్నది. మెక్‌డవెల్ రాసిన వ్యాసంలో ఆ ప్రస్తావనే లేదు. ఆ కథ లేకపోయినా వారిద్దరి ధైర్యానికి లోటు రాదు.

అయిదవ రోజున మెక్‌డవెల్ వెళ్ళి చూస్తే ఆమె లేచి తన పడక తానే సర్దుకుంటున్నది. ఇరవై అయిదవ రోజున ఇల్లు చేరుకోవడానికి ప్రయాణమైంది. ఆ తరువాత ముప్పై రెండేళ్ళకు పైగా జీవించి, డెబ్బై ఎనిమిదవ ఏట 1842లో మరణించింది. తనకు చికిత్స చేసిన వైద్యుని కంటె పన్నెండేళ్ళు ఎక్కువ కాలం ఆమె ఈ లోకాన్ని చూసింది.

ఇంతటి విజయాన్ని మెక్‌డవెల్ వెంటనే చాటుకోలేదు. ఒక్క ఉదంతంతో నిర్ధారణ చేయరాదని, మరి రెండు శస్త్రచికిత్సలు చేసిన పిమ్మట 1817లో ఫిలడెల్ఫియా వైద్యపత్రికలో మూడింటినీ కలిపి ఒక చిన్న వ్యాసంగా ప్రకటించారు. పండితలోకం నమ్మలేదు. లండనులోని ఒక ప్రముఖ వైద్యపత్రికకు సంపాదకుడైన జేమ్స్ జాన్సన్ అపహాస్యం చేశారు. అడవిలోని వైద్యుడు చేయగలిగిన పనిని రాజధానులలోని వారు చేయలేకపోవడమా అన్నదే వారి సందేహం. సుమారు పదేళ్ళకు అదే జాన్సన్ తన పొరపాటును ఒప్పుకుని క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. మెక్‌డవెల్ తన వ్యాసం ప్రతిని గురువు జాన్ బెల్‌కు పంపారు గాని ఆయన అప్పటికే ఇటలీలో అనారోగ్యంతో ఉండి 1820లో అక్కడే మరణించారు. ఆ ప్రతి ఎడింబరోలోని జాన్ లిజార్స్ చేతికి వచ్చింది. లిజార్స్ 1823లో ఒక స్త్రీకి అండాశయ కణితి ఉన్నదని భావించి ఉదరం తెరిచారు. లోపల కణితి లేనే లేదు! ఆమె బ్రతికింది. లిజార్స్ ఆ పొరపాటును కూడా దాచకుండా ప్రకటించారు. ఉదరం తెరిచిన వైద్యుడు చూడబోయేది తాను ఊహించినదే కావాలన్న నియమం లేదని ఈ ఉదంతం తెలుపుతుంది.

మెక్‌డవెల్ రెండవ రోగి విషయంలోనూ అదే జరిగింది. ఉదరం తెరిచి చూడగా కణితి మూత్రాశయానికి, గర్భాశయానికి గట్టిగా అతుక్కుని ఉన్నది. దానిని ఊడదీస్తే ప్రాణం పోతుందని గ్రహించి, కణితిలోని పదార్థాన్ని మాత్రం బయటకు పోనిచ్చి, గాయం మూసివేశారు. చేయగలిగినదంతా చేసితీరాలన్న పంతానికి పోలేదు.

అయితే ఆయన జీవితంలో ఒక నీడను కూడా చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. ఆ వ్యాసంలోని తక్కిన ఇద్దరు రోగులూ నల్లజాతి స్త్రీలు. బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రోజులవి. అమెరికాలో అది రద్దయినది 1865లో. జేన్ క్రాఫర్డ్ పేరు నేడు ఆమె సమాధిపైన, గ్రంథాలలో, స్మారకాలలో కనిపిస్తుంది. ఆ ఇద్దరి పేర్లు వ్యాసంలో లేవు. ప్రయోగమని వారికి వివరించారా, వారిష్టం అడిగారా అన్న సంగతీ అందులో లేదు. బానిస శరీరంపై హక్కు యజమానిదని నమ్మిన సమాజం వారి ఇష్టాన్ని నమోదు చేయదగిన విషయంగా భావించలేదు. వైద్యచరిత్ర వారికీ అంతే ఋణపడి ఉన్నది.

క్రమంగా మెక్‌డవెల్‌కు గౌరవం దక్కింది. డాన్‌విల్‌లో 1819లో నెలకొన్న సెంటర్ కళాశాల వ్యవస్థాపక ధర్మకర్తలలో ఆయన ఒకరు. 1825లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ వైద్యపట్టం ప్రదానం చేసింది. ముప్పై ఏళ్ళు వైద్యం చేసిన తరువాత చేతికి వచ్చిన పట్టా అది! 1830 జూన్ 25న, హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన కడుపునొప్పితో ఆయన కన్నుమూశారు. అది అపెండిక్స్ వాపు వల్లనే కావచ్చునని తరువాతి వైద్యుల అభిప్రాయం. ఉదర శస్త్రచికిత్సకు దారి తీసిన మనిషి, ఆ దారి తన వ్యాధి దాకా చేరకముందే వెళ్ళిపోయారు. 1929లో కెంటకీ రాష్ట్రం తన తరఫున వాషింగ్టన్‌లోని శాసనసభా భవనానికి పంపిన విగ్రహాలలో ఆయనదొకటి. ఆయన ఇల్లు నేడు ప్రదర్శనశాల.

ఆయన వదిలి వెళ్ళిన పనికి రెండు తోడులు కావలసి వచ్చినవి. మొదటిది మత్తుమందు. 1846లో ఈథర్, ఆ మరుసటి ఏడు క్లోరోఫారం వాడుకలోకి వచ్చినవి. రెండవది 1867లో జోసెఫ్ లిస్టర్ ప్రకటించిన క్రిమినాశక పద్ధతి. ఇందులో మన గడ్డకు కూడా పాలున్నది. క్లోరోఫారం ఎంతవరకు క్షేమమో పరీక్షించడానికి 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు సంఘాలు పనిచేసినవి. రెండవదానికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేయగా, లండను నుండి లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిగా డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. ఆ కాలంలోనే హైదరాబాదు వైద్యవిద్యాలయంలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యురాలిగా పలువురు పేర్కొంటారు.

మత్తుమందు రోగికి మహోపకారం చేసింది. కాని దానితో ఒక కొత్త ప్రశ్న కూడా పుట్టింది. జేన్ క్రాఫర్డ్ మేలుకొని ఉన్నది. నేటి రోగి నిద్రలో ఉంటుంది. అపెండిక్స్ కోసమో, సిజేరియన్ కాన్పు కోసమో ఉదరం తెరిచినప్పుడు వైద్యునికి అనుకోనిది కనిపించవచ్చు. అండాశయంలో వెంట్రుకలు, పళ్ళు కూడా ఉండే డెర్మాయిడ్ తిత్తి కనిపించవచ్చు. అండాశయం మెలిపడి నల్లబడి ఉండవచ్చు. గర్భాశయంలో నిలవవలసిన గర్భం అండాశయంలోనే నిలిచి ఉండవచ్చు. బహు అరుదుగా, ఉండవలసిన చోట అండాశయం లేకపోవచ్చు, లేదా రెంటికి తోడు మూడవది ఉండవచ్చు. స్కానింగ్ యంత్రాలు వచ్చిన తరువాత ముందుగానే తెలిసేవి చాలా ఉన్నా, కత్తి పెట్టిన తరువాతనే బయటపడేవి నేటికీ ఉన్నవి. అప్పుడు తీయాలా, ఉంచాలా, మూసివేసి ఆమె లేచాక అడగాలా? నిర్ణయం ఎవరిది?

భారత సర్వోన్నత న్యాయస్థానం 2008 జనవరిలో సరిగ్గా ఇటువంటి వివాదంలోనే తీర్పు చెప్పింది. పరీక్ష కోసం సమ్మతించిన ఒక స్త్రీ మత్తులో ఉండగా, లోపల కనిపించిన వ్యాధిని బట్టి, ఆమె తల్లి అనుమతితో గర్భాశయాన్ని, అండాశయాలను తొలగించారు. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉంటే తప్ప, పరీక్షకు ఇచ్చిన సమ్మతి అవయవం తొలగించడానికి సమ్మతి కాదని, వయోజనురాలైన స్త్రీ తరఫున తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఈ తీర్పు తెలుగువారికి మరీ అవసరమైనది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భాశయం తొలగింపబడిన స్త్రీల నిష్పత్తి అత్యధికంగా ఉన్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే.

మన గోదావరి ఒడ్డున ఎందరో తల్లులు తమ కడుపులోని వాపును సిగ్గుతో నెలల తరబడి దాచుకుంటారు. కోయగూడేల నుండి వచ్చిన తల్లికి కోయభాష వస్తుంది. మన ఇళ్ళలోని పెద్దలకు ఉర్దూ వస్తుంది. ముందర పెట్టే అంగీకారపత్రం తరచు ఇంగ్లీషులో ఉంటుంది. క్రింద వేలిముద్ర మాత్రం ఆమెది. రెండు వందల ఏళ్ళ క్రితం, పట్టా లేని ఒక అడవి వైద్యుడు ఒక రైతు గృహిణికి ఆమె భాషలో, ఆమెకు అర్థమయ్యే మాటలలో, రానున్న ప్రమాదాన్ని వివరించి, నిర్ణయాన్ని ఆమె చేతిలో పెట్టాడు. అదే మనిషి కాలంలో పేరులేని ఇద్దరు స్త్రీల సమ్మతి నమోదుకే నోచుకోలేదు. ఈ రెంటిలో మనం ఏ మార్గాన నడవాలో వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థినీ విద్యార్థులారా, మీలో వైద్యులు కాబోయేవారు ఒకరిద్దరే ఉండవచ్చు. కాని మీరందరూ చదువుకున్నవారు. ఎప్పుడైనా మీ తల్లినో, పొరుగింటి అవ్వనో ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు, ఆ కాగితంపై వేలిముద్ర పడకముందు దానిని చదివి, ఆమె భాషలో వినిపించండి. లోపల అనుకోనిది కనిపిస్తే ఏమి చేస్తారని వైద్యుణ్ణి ఆమె ఎదుటనే అడగండి. ఆమె ఏమి కోరుతున్నదో ఆమె నోటనే విని, ఆ కాగితంపై వ్రాయించండి. మెక్‌డవెల్ స్మృతికి, జేన్ క్రాఫర్డ్ ధైర్యానికి, పేరు దక్కని ఆ ఇద్దరు స్త్రీల ఋణానికి మనం చేయగల గౌరవం అది.